జోగారావు కుదించిన పడవ

రాగిరేకు మీది పటం అబద్ధం చెప్పలేదు. జలపాతం వెనక గుహ ఉంది, గుహ నిండా నీళ్లున్నాయి, ఆ నీళ్ల చివర రాతి అరుగు మీద ఇత్తడి పెట్టె ఉంది! కస్తూరి, ఆమె తమ్ముడు జోగారావు ఆ పెట్టెను తమ కయాక్‌లోకి దించారు. అంతే, పడవ అంచు నీటికి బెత్తెడు ఎత్తున మాత్రమే మిగిలింది.

కస్తూరికి ఒళ్లు మండిపోయింది. ఇద్దరు మనుషుల్నీ ఒక పెట్టెనీ మోసేలా ఆ పడవను కంప్యూటర్‌లో గీసింది ఆమే. ప్లైవుడ్‌ను మిషన్ మీద కోయించి బిగించే పని మాత్రం తమ్ముడికి అప్పగించి, తాను అడవి దారి చూసి రావడానికి వెళ్లింది.

"ఒరేయ్, నా బొమ్మను ఏం చేశావురా?"

"గుహ మూతి ఇరుకేమోనని... మొత్తం బొమ్మని పదోవంతు తగ్గించేశానక్కా."

"మూతి కొలిచే కదరా గీసింది! బొమ్మ తగ్గిస్తే చెక్కలు దిగే గాడులు కూడా సన్నబడతాయి. చెక్క మందం తగ్గుద్దంట్రా, తింగరోడా? అడ్డచెక్కలు ఎలా దిగాయి?"

"అంచులు అరగదీసి దూర్చేశాను. పైన రెజిన్ జిగురు పూశానుగా!"

"పూశాడంట! నీ మొహానికి పూసుకోవాల్సింది!"

ఇంతలో కొండ మీద కురిసిన వాననీరు హోరుమంటూ గుహలోకి విరుచుకుపడింది. నీటిమట్టం పెరిగి, చూస్తుండగానే గుహ మూతి పొట్టిదైపోతోంది. అది మునిగిపోతే ఇద్దరికీ అక్కడే సమాధి!

"తెడ్డు వెయ్యి! వెయ్యరా!"

పడవ ముందుకు ఉరికింది. బండను తప్పించబోయి ఒక పక్కకు ఒరిగింది. పెట్టె జారి అడ్డచెక్కను గుద్దింది. చెక్క ఫెళ్లున గాడిలోంచి ఊడింది. నీళ్లు లోపలికి చిమ్మాయి.

"పెట్టె తోసెయ్!"

"తొయ్యను! చచ్చినా వదల్ను!"

"చంపుకోవడానికా నిన్ను తీసుకొచ్చింది? అమ్మకి ఏం చెప్పుకోవాల్రా నేను?"

జోగారావు పెట్టెను వాటేసుకున్నాడు. కస్తూరి తెడ్డు తిరగేసి అతని మోచేతి మీద ఒక్కటిచ్చింది. పట్టు సడలగానే పెట్టెను కాలితో తన్ని బయటికి దొర్లించింది. అది బుడుంగున మునిగింది. పడవ కాస్త తేలింది. ఇద్దరూ వెల్లకిలా పడుకుని, గుహ కప్పును అరచేతులతో నెట్టుకుంటూ, ముక్కులు రాతికి గీరుకుంటుండగా, వెలుగులోకి వచ్చిపడ్డారు.

"లోపల ఏముందో చూడనైనా లేదక్కా!" అని జోగారావు బావురుమన్నాడు.

"నోర్ముయ్! ఇంకొక్క మాటన్నావంటే నిన్నూ అందులోకే తోసేస్తాను!"

కస్తూరి కోపంగా కసిరింది. కానీ గుప్పిట బిగించి పట్టుకున్న అతని చొక్కా కాలర్‌ను మాత్రం, ఒడ్డెక్కి అడవిబాట పట్టేదాకా ఆమె వదల్లేదు.