బతికి బట్టకట్టిన ఎలుకలు

"మా ఎలుకలు చావలేదండీ!" అంటూ వచ్చి కుర్చీలో కూలబడింది ఆమె.

డిటెక్టివ్ కళ్లజోడు సవరించుకున్నాడు. అతనికి సహాయకురాలైన మేనకోడలు నవ్వు ఆపుకుంటూ మంచినీళ్లు అందించింది.

ఆమె మలేరియాకు కొత్త మందు తయారుచేస్తున్న శాస్త్రవేత్త. జబ్బు ఎక్కించిన ఎలుకల్లో ఒక బోనుకు మందు, రెండో బోనుకు ఉత్త నీళ్లు పట్టిస్తున్నారు. తీరా చూస్తే రెండు బోనుల్లోనూ కోలుకున్నాయి.

"నీళ్లకే తగ్గే జబ్బుకి మందెందుకని పరిశోధన ఆపేస్తారండీ. ఎవరో రెండో బోనుకి మందు పట్టించారు. మందు దాచే బీరువా తాళాలు నా దగ్గరా, నా స్నేహితుడి దగ్గరా మాత్రమే ఉంటాయి. చదువుకునే రోజుల నుంచీ కలిసి పనిచేస్తున్నాం. అతన్ని అనుమానించడానికి మనసొప్పట్లేదు."

ల్యాబులో ఆ స్నేహితుడు దిగాలుగా ఎదురొచ్చాడు. పసుపుపచ్చటి మందు చూపిస్తుండగా డిటెక్టివ్ వేలికి ఒక చుక్క అంటింది. సింకు దగ్గర సబ్బుతో ఎంత రుద్దినా మరక వదల్లేదు.

"దేనికంటినా అంతే సార్, ఓ పట్టాన పోదు. బీరువాలో మాత్రం చుక్క తగ్గలేదు, కొలిచి చూసుకోండి."

ఎలుకలకు మందు పట్టించేది పశువైద్యురాలు. రోజూ కావలసినంత సీసాలో పోసి ఆమెకిస్తారు.

"సీసాలో అడుగున మిగిలింది ఏం చేస్తారమ్మా?" అని ఆమెను అడిగాడు డిటెక్టివ్.

"ఈ సింకులోనే పారబోస్తానండీ, రోజూ."

డిటెక్టివ్ పాలలా తెల్లగా ఉన్న ఆ పింగాణీ సింకును మరోసారి చూశాడు.

కాసేపటికి ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టాడు.

"బీరువాలో మందు తగ్గలేదు కాబట్టి తాళాలున్న వాళ్ల తప్పు లేదు. ఇక మిగిలింది సీసా అడుగున ఉన్న మందు. సబ్బుకే లొంగనిది రోజూ పారబోస్తే సింకు పచ్చబడాలిగా డాక్టరుగారూ? మీరు పారబోయలేదు. రెండో బోనుకి పట్టించారు."

పశువైద్యురాలు తలదించుకుంది. "మా తమ్ముడు ఈ జ్వరంతోనే పోయాడండీ. చేతిలో మందు పెట్టుకుని, అవి ముడుచుకుపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. మీ కష్టమంతా పాడుచేశాను."

శాస్త్రవేత్త స్నేహితుడి వైపు చూసింది. గుండెల మీంచి బరువు దిగినట్టు గట్టిగా ఊపిరి వదిలింది. అంతలో అతనే ఉలిక్కిపడి అడిగాడు:

"అవునూ, అడుగున మిగిలేది ఎంత?"

"అసలు మోతాదులో పావు వంతు కూడా ఉండదు."

"పావు వంతుకే తగ్గిపోయిందా!"

శాస్త్రవేత్త కళ్లు తుడుచుకుని, నవ్వుతూ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ప్రయోగం మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. ఈసారి ఎలుకల గదిలోకి మిమ్మల్ని రానివ్వను. అది సరేగానీ డాక్టరుగారూ, ఏ ఎలుకకి ఎంత పట్టించారో నెమ్మదిగా గుర్తు చేసుకుని చెప్పండి."