శ్వాస లేని పాట

శేషవేణి పొద్దుట్నుంచీ ఒకే చరణాన్ని మళ్లీ మళ్లీ వింటోంది. కిటికీ కింద కాకినాడ వీధి నిండా బళ్లు తిరుగుతున్నా, ఆ రొద ఆమెకు చేరడం లేదు. చెవిలో కర్ణిక ఉంది. ఊళ్లో అది లేని చెవి లేదిప్పుడు. మాటైనా పాటైనా కర్ణిక నిర్మలధ్వనిగా మార్చే వినిపిస్తుంది. గరగరలు, ఎగశ్వాసలు, తాను అనవసరమనుకున్నవన్నీ తీసేసి మిగిలినదాన్ని అతికేస్తుంది.

నెల్లూరులో ఉన్న చెల్లెలు చూడామణి, తను ఎవరింట్లో వాళ్లు పాడి రికార్డు చేసి, రెండు గొంతులూ జోడిస్తారు. ఈసారి చెల్లెలి గొంతు అద్దంలా ఉంది. అయినా శేషవేణికి కుదురు చిక్కలేదు. లేచింది, కూర్చుంది, కాఫీ కలుపుకుని తాగడం మరిచిపోయింది. అంత పొడుగు చరణంలో ఇది ఊపిరి ఎక్కడ తీసుకున్నట్టు?

ఉండబట్టలేక ఫోన్ చేసింది.

"చూడా, దీన్నే యథాధ్వనిలో పంపవే."

"అదెందుకక్కా? బోలెడు చోటు తింటుంది. పైగా ఫ్యాను చప్పుడూ, కుక్కరు కూతా అన్నీ ఉంటాయందులో."

"ఉండనీ. రెండూ పక్కపక్కన పెట్టి వినాలి నేను."

యథాధ్వని అంటే మైకు విన్నది విన్నట్టే దాచే పాత పద్ధతి. రికార్డు చేసే పెట్టెలు మూలప్రతిని ఇంకా అలాగే ఉంచుతున్నాయి గానీ, తీసి వినేవాళ్లే లేరు. శేషవేణి కర్ణిక తీసేసి, చెల్లెలు పంపిన మూలప్రతిని పాత స్పీకరులో పెట్టింది.

ఫ్యాను. కుక్కరు. చెల్లెలి గొంతు, అదే శ్రుతిలో. ఆ వెంటనే దగ్గు. లోతైన, తడి దగ్గు. అది ఆగాక ఈలలాంటి ఊపిరి. మళ్లీ అదే మాట దగ్గర్నుంచి పాట.

చేతికందిన చీరలు సంచిలో కుక్కుకుని ఆమె రైలెక్కింది.

తలుపు తీసిన చూడామణి మొహం వాడిపోయి ఉంది. "ఇదేంటక్కా, చెప్పాపెట్టకుండా?"

"ఎన్నాళ్ల నుంచే ఈ దగ్గు?"

"దగ్గేంటి? గొంతులో కాస్త నస. వానలు తగ్గితే అదే పోతుంది."

"కర్ణిక తియ్యి."

తీసింది. వీధి చప్పుడు ఒక్కసారిగా మీద పడేసరికి కళ్లు చిట్లించింది. అంతలోనే దగ్గు తెర వచ్చింది. తన దగ్గు తానే విని, గుండె మీద చెయ్యేసుకుని గోడకు ఆనుకుంది.

"ఇది... నేనేనా అక్కా?"

లోపల్నుంచి వచ్చిన ఆమె భర్త మాధవయ్యకు శేషవేణి తన చెవి చూపించి సైగ చేసింది. అతను అర్థంకాక కర్ణిక తీశాడు. రెండో తెర మొదలైంది. అది పూర్తయ్యేదాకా అతను కదల్లేదు.

ఆసుపత్రిలో పరీక్షలయ్యాక, ఒక ఊపిరితిత్తి చాలావరకు పాడైందన్నారు. మందులతో ప్రాణానికి ఢోకా లేదు గానీ, ఇక పాడటం కష్టమన్నారు. ఇంకాస్త ముందు తీసుకొస్తే బాగుండేదన్నారు.

వరండాలో బెంచీ మీద కూర్చున్న మాధవయ్య తన కర్ణికను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"పక్కనే పడుకుంటాను వదినగారూ," అన్నాడు. "రోజూ పక్కనే."