ఖాళీ గదికి లేచిన గీత

తలకు నూనె రాసుకున్నవాళ్ళను ఆ ప్రయోగశాలలో కూర్చోనివ్వరు. నూనె ఉంటే టోపీలోని తీగలు మెదడు కదలికను పట్టుకోలేవు. రేవు మీది నుంచి చేపల వాసన మోసుకొచ్చే స్ఫాక్స్ పట్టణపు మధ్యాహ్నం, రిహాబ్ కూడా తల శుభ్రంగా రుద్దుకునే వచ్చింది. మనసులో మాత్రం అనుమానం జిడ్డులా పట్టుకుని ఉంది.

మనుషులకు బొమ్మలు చూపించి, ఏడుపుకి, భయానికి మెదడు ఎలా స్పందిస్తుందో కొలవడం ఆమె పరిశోధన. మధ్యలో ఏమీ అనిపించని బొమ్మలూ ఉండాలి. విదేశీ ఇళ్ళు తన ఊరివాళ్ళకు వింతగా ఉంటాయని, పోయిన నెల చనిపోయిన అమ్మమ్మ గదినే ఫొటో తీసింది. మంచం, గోడ, పీట. ప్రయాణమయ్యేవాళ్ళను ఆ పీట మీద కూర్చోబెట్టి, లవంగాలు వేసి కాచిన ఆలివ్ నూనె తలకు రాసేది అమ్మమ్మ. సముద్రం నుంచి తిరిగిరాని తాతకూ ఆమే రాసి పంపింది.

ఆ ఖాళీ గది కనబడగానే, యంత్రం గీసే మెదడు గీత అందరికీ ఒకేలా లేస్తోంది, మనిషి ముఖం చూసినట్టు. ఇలాగైతే పట్టా రాదు, పడ్డ కష్టమంతా నీళ్ళపాలే.

"ఫొటో మార్చింది నువ్వే కదూ?" అంది యంత్రం చూసుకునే లస్సాద్‌తో.

"నీ పట్టా పోతే నాకేమైనా మిఠాయి పెడతారా? అంత అనుమానమైతే నువ్వే కూర్చో."

కూర్చుంది. అతను టోపీ తొడిగి, తలుపు మూసి బయటికి వెళ్ళాడు. లోపల చీకటి. తెర మీద కుక్కపిల్ల. గాయం. పువ్వు. ఆ గది...

ఖాళీగానే ఉంది.

"లేచింది," స్పీకర్లో లస్సాద్ గొంతు. "ఎవర్ని చూశావు?"

"ఎవర్నీ చూళ్ళేదు."

"తెర ఆపేశాను... ఇంకా లేస్తోంది. కళ్ళు మూసుకో."

మూసుకుంది.

"...ఇంకా లేస్తోంది, రిహాబ్."

చెవి వెనక జుట్టును ఎవరో వేలితో పాయ తీశారు. నెమ్మదిగా. లవంగాల వాసన...

"లోపలికి వచ్చావా?" గుసగుసగా అడిగింది.

"లేదే. ఇక్కడే ఉన్నా."

తలుపు తెరిచి వచ్చి అతను టోపీ విప్పాడు. తన వేళ్ళు చూసుకుని విసుక్కున్నాడు. "నన్ను దొంగను చేశావు. తలకు నూనె పట్టించుకుని వచ్చింది నువ్వు."

రిహాబ్ అతని వైపు చూడలేదు.

"నేను ఎక్కడికీ వెళ్ళడం లేదు," అంది, ఖాళీ మూలకేసి.

మెడ మీదికి జారుతున్న నూనె ఇంకా గోరువెచ్చగానే ఉంది.