స్విచ్ మీది బొట్టు

“మా నవనీత్ మూడు రోజులుగా గది తలుపు తియ్యడంలేదు సార్. తడితే ‘ఊఁ’ అంటాడు. ఆ ఊఁ కోసరమే గంటకొకసారి తడతా ఉండాను. ఇంట్లో మేమిద్దరమే.”

లాస్‌పేటలో ప్రైవేట్ డిటెక్టివ్ త్యాగరాజన్ ఎదుట కుర్చీ అంచున కూర్చుని, హేమావతి కొంగు మెలిపెడుతోంది. 

షావుకారు వెంకటకృష్ణయ్య పట్టుచీరల కొట్టుకు ఇంటర్నెట్ అమ్మకాలు చూసేది నవనీత్, కార్తికేయన్. శనివారం పొద్దున సైటు తెరిచినవాళ్ళందరికీ ‘ఇది సురక్షితం కాదు’ అని ఎర్రగా కనిపించింది. దీపావళి బేరాలు ఆగిపోయాయి. నవనీత్ కావాలనే చెడ్డ సర్టిఫికెట్ పెట్టాడని, ఈ సాయంత్రమే పోలీసులకు పట్టిస్తానని షావుకారి మాట.

“సర్టిఫికెట్టంటే ఏంది తల్లీ?” డిటెక్టివ్ సహాయకురాలు అర్చితను హేమావతి అడిగింది.

“కొట్టు గోడకు తగిలించే లైసెన్సు లాంటిదక్కా. గడువు తీరేలోపల కొత్తది సర్వర్‌లో, అంటే సైటు నడిపే కంప్యూటర్‌లో పెట్టాల. పెట్టినా చాలదు. వాళ్ళ సర్వర్ని ఆపి మళ్ళా వేస్తేనే కొత్తది ఎక్కుతుంది. అందాకా పాతదే చూపిస్తుంది, దాని గడువు తీరితే ఎర్రగా వస్తుంది.”

ముగ్గురూ కొట్టుకు వెళ్ళారు. మేడగదిలో సర్వర్‌కు, దాని స్విచ్‌కు ఆయుధపూజ నాడు షావుకారు పెట్టిన చందనం, కుంకుమ ఇంకా ఉన్నాయి.

“బుధవారం నవనీత్ ఫైలు పెట్టినాడు,” అన్నాడు కార్తికేయన్. “గురువారం పూజ, దేన్నీ ముట్టం. శుక్రవారం వాడికి జ్వరం. నేనే ఈ స్విచ్ నొక్కి ఆపి, మళ్ళా నొక్కి వేసినా. అయినా ఎక్కలేదంటే ఫైలే చెడ్డది.”

“వేరే స్విచ్ ఉందా?” త్యాగరాజన్ అడిగాడు.

“లేదు సార్. ఇదొక్కటే.”

“శనివారం నించి గదికి తాళం. పోలీసులు వచ్చేదాకా ఎవరూ ముట్టగూడదన్నా,” అన్నాడు షావుకారు.

త్యాగరాజన్ వంగి సర్వర్‌ను చాలాసేపు చూశాడు. నవనీత్‌ను పిలుచుకురమ్మన్నాడు. కొడుకు పని అయిపోయిందనుకుంది హేమావతి. ఇంటికెళ్ళి తలుపుకు నోరానించి బతిమాలి, వాణ్ణి తీసుకొచ్చింది. గడ్డం మాసి, నీడలా ఉన్నాడు.

“కంప్యూటర్ తెలీని డిటెక్టివ్ కంప్యూటర్ కేసు పట్టినాడా?” షావుకారు ఎత్తిపొడిచాడు.

“నాకు కంప్యూటర్ తెలీదు, బొట్టు తెలుసు,” అన్నాడు త్యాగరాజన్. “పూజలో మీ చేత్తో మీరు స్విచ్ మీద పెట్టిన బొట్టు. ఎండిపోయింది, ఒక్క బీట లేదు. రెండుసార్లు నొక్కితే ఇట్లా ఉంటుందా? శుక్రవారం దీన్ని ఎవరూ నొక్కలేదు. నవనీత్, ఇప్పుడు నొక్కు.”

చందనం పొడిపొడిగా రాలింది. సర్వర్ ఆగి, మళ్ళీ లేచింది. అర్చిత తన ఫోన్‌లో సైటు తెరిచింది. ఎరుపు లేదు. డిటెక్టివ్ వైపు కళ్ళు విప్పార్చి చూసింది.

కార్తికేయన్ తల వంచుకున్నాడు. “శుక్రవారం నేను రానేలేదు సార్. కదిర్కామం ఆసుపత్రిలో అమ్మ దగ్గర ఉండినా. చెప్పకుండా పోయినానని తెలిస్తే పనిలోంచి తీసేస్తారని అబద్ధమాడినా.”

షావుకారు నోరు తెరిచేలోపలే హేమావతి అడిగింది.

“ఇప్పుడు అమ్మ దగ్గర ఎవరుండారు నాయనా?”

“ఎవరూ లేరు.”

తలుపు అవతల నిలబడి ఊఁ కోసం కాచుకున్న మూడు రోజులు ఆమెకు గుర్తొచ్చాయి. లేచి, కొడుకు భుజం తట్టింది.

“అన్నం మూతేసి పెట్టినా, తిను. తలుపు మాత్రం వేసుకోవాకు.” కార్తికేయన్ వైపు తిరిగింది. “ఏ వార్డు? కదిర్కామం బస్సు యాడ ఎక్కాల?”