బీరువా పోయి పిట్ట వచ్చింది

మెట్ల మీద బీరువా అడ్డంగా నిలబడి ఉంది.

నా చేతుల్లో అప్పుడే కడిగిన గ్లాసుల ట్రే. మా పిన్ని పబ్బు పైన, వంటగది కింద. రెంటికీ మధ్య ఉన్నవి ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు ఊపిరి బిగబట్టాల్సిన మెట్లు. అలాంటి చోట బీరువా ఏమిటి?

"ఏమండీ బీరువా గారూ, కాస్త జరుగుతారా?" అన్నాను.

"జరగదండీ. దీనికి కాళ్ళు లేవు. మీకున్నాయిగా, మీరే నాలుగు మెట్లు దిగండి!" అంది బీరువా వెనక నుంచి ఒక గొంతు.

ముందు రెండు చేతులు కనబడ్డాయి. తరువాత చెమట పట్టిన నుదురు. ఆ తరువాత కళ్ళు. ఆ కళ్ళు చూశాక నేను నాలుగు మెట్లు కాదు, కిందిదాకా దిగాను. గ్లాసులు పగలకుండా ఎలా దిగానో నాకే తెలియదు.

అది బీరువా కాదు, బేస్ గిటార్ మోతను పెంచే పెట్టె, ఆంప్. ఆమె మావయ్య ఒకప్పుడు మైదానాల్లో జరిగే కచేరీలకు వాడినది. వేళ్ళు మొరాయించి ఆయన వాయించడం మానేశాక, ప్రేమగా మేనకోడలి చేతిలో పెట్టాడు. ఆ ప్రేమను మోసేది మాత్రం మేనకోడలే. మనిషేమో దాని భుజం దాకా కూడా రాదు.

వాళ్ళ బృందం మా పబ్బులో వాయించేది శనివారాలు. ఆ రోజు నుంచి శనివారం అంటే నాకు సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఉండేది.

బేస్ అంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదు. ముందు నిలబడి జుట్టు ఎగరేసే వాళ్ళ వాయిద్యం కాదది. వెనక నిలబడి పాటను భుజాన మోసే వాళ్ళది. ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. ఆగితే మాత్రం పాటకు కాలు విరిగినట్టుంటుంది. ఆమె వాయించేటప్పుడు వేళ్ళు పెద్దగా కదిలినట్టే ఉండవు. కళ్ళు సగం మూసుకుని, కింది పెదవి కొంచెం బయటికి పెట్టి, ఎవరికో నచ్చజెబుతున్నట్టు తల ఊపుతుంది. నేను తుడిచిన గ్లాసే మళ్ళీ మళ్ళీ తుడుస్తుంటే పిన్ని, "ఒరేయ్, ఆ గ్లాసు అరిగిపోతుందిరా," అనేది.

రెండో వారమే ఆమె కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"ఇక్కడికి ఎలా వినపడుతోందండీ?"

"చాలా బాగుందండీ!"

"అది కాదు. ఎక్కువగా ఉందా, తక్కువగా ఉందా?"

"గ్లాసులు చిందులేస్తున్నాయి."

ఆమె నుదురు కొట్టుకుంది. "లావు స్వరం నా పక్కన తెలియదు, గదికి అటు చివరికి వెళ్ళాకే బలుస్తుంది. ఒక పని చేస్తారా? ఎక్కువైతే గ్లాసు బోర్లించి చూపించండి. సరిపోతే నిలబెట్టి చూపించండి."

అలా మా మాటలు మొదలయ్యాయి. మాటలంటే గ్లాసులే. నేను బోర్లిస్తే ఆమె మీట తిప్పేది. నేను నిలబెడితే నవ్వేది. నవ్వు కోసం నేను అవసరం ఉన్నా లేకపోయినా నిలబెట్టేవాడిని. ఆ దొంగ లెక్క ఎంతో కాలం సాగలేదు.

ఒక శనివారం బీరువా గట్టిగా గర్జించింది. నేను నవ్వు చూసుకుంటూ గ్లాసు నిలబెట్టే ఉంచాను. పై అరలో ఉన్న గ్లాసుల వరుస నెమ్మదిగా అంచుదాకా నడిచి వచ్చి, ఒకదాని వెనక ఒకటి దూకేసింది. పాట ఆగిపోయింది.

పిన్ని చీపురు పట్టుకుని వచ్చింది. మా పిన్ని పొట్టిది, గొంతు మాత్రం పొట్టిది కాదు.

"ఇదిగో అమ్మాయ్. నువ్వు బాగా వాయిస్తావు, కాదనను. కానీ వచ్చే శనివారం ఈ బీరువా నా గుమ్మం తొక్కిందంటే, మీ బృందం మొత్తానికి సెలవు."

బృందం నాయకుడు, మేమంతా 'జుట్టు' అని పిలిచే గిటారిస్టు, వెంటనే అందుకున్నాడు. "సెలవెందుకు పిన్నిగారూ? కీబోర్డు వాడు ఎడమ చేత్తో బేస్ లాగించేస్తాడు. తను లేకపోయినా బండి నడుస్తుంది."

ఆమె బీరువా వైర్లు చుట్టుకుంటూ కూర్చుంది. చుట్టిందే మళ్ళీ చుట్టింది. ఆమె పాటలోంచి పోవడమంటే నేను తట్టుకోలేననిపించింది.

వారం మధ్యలో పబ్బు తెరవక ముందే వచ్చింది. గొడుగులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"చిన్న ఆంప్ కొనడానికి వెళ్తున్నాను. మీ చెవులు కావాలి."

"మనిషి అక్కర్లేదా?"

"చెవులతో పాటు వస్తానంటే రానివ్వండి."

ఒకే గొడుగు. వాన మాత్రం ఇద్దరికీ సరిపడా ఉంది. నా ఎడమ భుజం పూర్తిగా తడిసింది, కుడి భుజం తన గిటార్ సంచికి తగులుతోంది. సంచే కదా అనుకోకండి, నాకు అదే చాలా గొప్ప.

దారిలో తన షరతులు చెప్పింది. ఒంటి చేత్తో మెట్లు ఎక్కించగలగాలి. డ్రమ్ముల మధ్య మునిగిపోకూడదు. పిన్ని గ్లాసులు కదలకూడదు. పర్సు ఏడవకూడదు.

"ఇన్ని గుణాలున్న పెళ్ళికొడుకు కూడా దొరకడండీ," అన్నాను.

"పెళ్ళికొడుకును నేను మెట్లు ఎక్కించక్కర్లేదు కదా," అంది. మిగతా దారంతా నేను గొడుగు పుల్లలు లెక్కపెట్టాను.

కొత్తవీ పాతవీ కలిపి వాయిద్యాలు అమ్మే ఆ దుకాణం యజమానిని అందరూ 'సౌండు బాబాయి' అంటారు. ఆమెకు ఆంపులు చూపించి, పాట మధ్యలో ఎలా ఉంటుందో తెలియాలని తనే డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. నన్ను గది చివర నిలబెట్టారు.

మొదటిది నల్లటి పెద్ద పెట్టె, స్పీకరూ ఆంపూ అందులోనే. ఆమె తీగ మీటగానే నేల పులకరించింది.

"ఎలా ఉంది?"

"బాగుంది!"

రెండోది ఒళ్ళో పెట్టుకునేంత బుల్లిది. ఇంట్లో సాధనకు చేసినది.

"ఇదీ?"

"చాలా బాగుంది!"

మూడోది రెండు ముక్కలు. టిఫిన్ డబ్బా అంత ఆంపు, దాని కింద ఒకే ఒక్క స్పీకరున్న చిన్న పెట్టె. ఎవరో వాడి అమ్మేసినది, ఒక మూల చెక్క లేచిపోయింది.

"మరి ఇదీ?"

"అద్భుతం!"

ఆమె తీగల మీద అరచెయ్యి పెట్టి శబ్దం ఆపేసింది.

"మీరు నిజంగా వింటున్నారా? రెండోది డ్రమ్ముల్లో నాకే వినపడలేదు, మీకు చాలా బాగుందా? శనివారం నా చోటు పోతుందండీ! మీకు ఇదంతా వేళాకోళంగా ఉందా?"

నిజం ఎలా చెప్పను? నువ్వు పెదవి బయటికి పెట్టి తల ఊపుతుంటే నా చెవులు సెలవు పెడుతున్నాయి తల్లీ అని సౌండు బాబాయి ఎదుట ఎలా అనను?

నేను గుమ్మం దాకా వెళ్ళి, వీధి వైపు తిరిగి నిలబడ్డాను. ఎదురుగా వాన, వెనక ఆమె.

"ఇప్పుడు వాయించండి. మూడూ."

అప్పుడు మొదటిసారి విన్నాను. నేలను పులకరింపజేసిన పెద్ద పెట్టె, డ్రమ్ములు కలిసేసరికి ముద్దయిపోయింది. ఏ స్వరం ఎక్కడ మొదలైందో తెలియలేదు. వాపు చూసి బలుపనుకున్నాం. బుల్లిది గొంతు చించుకుంది, పాపం. మూడోది మాత్రం డ్రమ్ముల సందుల్లోంచి తప్పుకుంటూ, ఒక్కొక్క స్వరం ఒక్కొక్క అడుగులా గుమ్మం దాకా నడిచి వచ్చింది. అది ఆమె నడక. కళ్ళు మూసుకున్నా గుర్తుపడతాను.

"మూడోదే," అన్నాను, వానతోనే మాట్లాడుతున్నట్టు. "మొదటి దాంట్లో శబ్దం ఉంది. ఇందులో మీరున్నారు."

వెనక ఆమె అదే స్వరాన్ని ఇంకోసారి, మెల్లగా మీటింది.

"పిట్ట కొంచెం, కూత ఘనం!" అన్నాడు సౌండు బాబాయి, డ్రమ్ము పుల్లలు పక్కన పెట్టి. "గది పెద్దదైతే ముందు ముందు ఇలాంటి పెట్టె ఇంకొకటి జత చేసుకోవచ్చమ్మా. మూల విరిగింది కాబట్టి ధర కూడా విరుస్తాను."

తిరిగి వచ్చేటప్పుడు ఆంపు గిటార్ సంచిలోనే పట్టింది. స్పీకరు పెట్టెను ఒంటి చేత్తో పట్టుకుని నాకంటే ముందు నడిచింది. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు.

"ఒకటి అడగనా?" అంది పబ్బు దగ్గర. "నా వైపు చూస్తే అంత విసుగా? మొహం తిప్పుకుంటేనే గానీ చెవులు పనిచేయవా?"

"అది... వీధిలో ఏదో చూస్తున్నానండీ."

"వానని," అంది. గొడుగు దులిపి వెళ్ళిపోయింది. సంతోషంగా ఉండాల్సిన మొహం చిన్నబోయి ఉంది. నా తెలివికి నన్ను నేనే తిట్టుకున్నాను.

శనివారం వచ్చింది. పిట్ట మెట్లెక్కి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. దాన్ని చూసి జుట్టు నవ్వాడు. "ఇదా? దీనికంటే మా కీబోర్డు వాడి ఎడమ చెయ్యి పెద్దది." ఆమె వంగి పిట్టకు వైరు తగిలించింది. పిన్ని కౌంటర్ వెనక తన పొట్టి స్టూలెక్కి చేతులు కట్టుకుని నిలబడి, పై అర మీదే చూపు పెట్టింది.

నేను స్టేజికి వీపు పెట్టి నిలబడ్డాను. ఈసారి నవ్వు కోసం దొంగ గ్లాసులు చూపించే పని లేదు.

మొదటి పాట సగం దాకా నడక బాగుంది. తరువాత శబ్దం పెరిగింది. ఇంకా పెరిగింది. గ్లాసు బోర్లించి తల మీదికెత్తి చూపించాను. తగ్గలేదు. పై అరలో సన్నగా ఒక గలగల మొదలైంది. పిన్ని నా వైపు చూసింది, నేను గోడ వైపు చూశాను.

ఎందుకు పెంచుతోంది? గది చివర ఇంత స్పష్టంగా ఉంటే ఇంకేం కావాలి? అప్పుడు వెలిగింది. పెట్టె నేల మీద ఉంది. అది పాడేది ఆమె పిక్కలకి. పిక్కలకి చెవులుండవు! అందరికీ వినపడుతున్న ఆమె బేస్ ఆమెకే వినపడటం లేదు. బీరువాకి ఈ సమస్య లేదు, అది చెవి ఎత్తున అరిచేది.

పాట అవగానే పిన్ని కాళ్ళ కింద ఉన్న పొట్టి స్టూలు లాగాను.

"ఒరేయ్, నా స్టూలు! నాకు పై అర ఎలా అందుతుందిరా?"

"అర నిలబడాలంటే స్టూలు ఇవ్వాలి పిన్నీ!"

జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, పెట్టెను స్టూలు మీదికెక్కించి, ఆమె మొహం వైపు కాస్త వెనక్కి వాల్చాను. ఆమె ఒక తీగ మీటింది. కళ్ళు పెద్దవయ్యాయి. మీటను సగానికి తిప్పి తగ్గించింది.

రెండో పాట ఎత్తుకుంది. నేను పరుగున వచ్చి మళ్ళీ వీపు తిప్పాను. ఏం చెప్పను? గది మొత్తం తెలియకుండానే తల ఊపడం మొదలుపెట్టింది. లెక్కలు చూసుకునే ఒక పెద్దాయన బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. పిన్ని కూడా మడమ ఆడిస్తోంది. పై అరలో గ్లాసులు బుద్ధిగా నిలబడ్డాయి. నేను తిరగకుండానే గ్లాసు నిలబెట్టి తల మీదికెత్తాను.

విరామంలో ఆమె మంచినీళ్ళకు వచ్చింది.

"స్టూలుకి థాంక్స్," అంది. "వీపుకి కాదు. పాటంతా మీ వీపే చూశాను. నిజం చెప్పండి, నేనేం చేశాను?"

ఇక నా పప్పులు ఉడకవని తెలిసిపోయింది.

"మిమ్మల్ని చూస్తే నాకు వినపడదండీ."

"ఏమిటీ?"

"మీరు వాయించేటప్పుడు చూస్తుంటే నాకు ఒక్క స్వరం కూడా వినపడదు. దుకాణంలో అన్నీ బాగున్నాయన్నది అందుకే. గ్లాసులు పగిలిన రోజు కూడా అంతే. మీ చోటు పోకూడదంటే మీ బేస్ నేను సరిగ్గా వినాలి. వినాలంటే చూడకూడదు. అది నాకు ఎంత కష్టంగా ఉందో మీకు తెలియదు."

నీళ్ళ గ్లాసు ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది. మొహం ఎర్రబడింది. గ్లాసు పట్టుకునే స్టేజి మీదికి వెళ్ళిపోయింది. పిన్ని నా డొక్కలో మోచేత్తో పొడిచి, "తుడవరా గ్లాసులు," అంది.

చివరి పాట ముందు జుట్టు మైకు దగ్గరికి వస్తుంటే ఆమె పక్కకు నెట్టింది. అంత మంది ముందు ఆమె మాట్లాడటం అదే మొదటిసారి.

"కౌంటర్లో నిలబడ్డాయనా! సౌండు సరిపోయింది. ఈ పాట నువ్వు వినక్కర్లేదు." ఒక్క క్షణం ఆగింది. "ఇటు తిరుగు."

తిరిగాను.

కళ్ళు సగం మూసుకుని, కింది పెదవి కొంచెం బయటికి పెట్టి, తల ఊపుతూ మొదలుపెట్టింది. ఈసారి ఆ నచ్చజెప్పడం ఎవరికో నాకు తెలుసు.

జనం వెళ్ళిపోయాక పిన్ని పై అర వైపు చూసి, "ఆ స్టూలు ఆ అమ్మాయి దగ్గరే ఉండనీ. ప్రతి శనివారం పై గ్లాసులు నువ్వే అందిద్దువుగాని," అంది. తరువాత ఆమె వినేలా అడిగింది, "ఇంతకీ చివరి పాట ఎలా వాయించిందిరా?"

"అద్భుతం పిన్నీ," అన్నాను.

ఒక్క స్వరం కూడా వినలేదని ఆమెకు తెలుసు. పిట్టను ఒంటి చేత్తో ఎత్తుకుని, రెండో చెయ్యి నాకిచ్చి, మెట్లు దిగింది.