తెల్ల బకెట్టు నీళ్ళు

"వీటిలో ఒక్కటి చచ్చినా నిన్ను పపువా సరిహద్దుకి తోలేస్తాను. అక్కడ దోమలు కొట్టుకుంటూ కూర్చుందువు గాని!"

కల్నల్ ముల్యాతి ఈ మాట నవ్వకుండా అంది. ఆవిడ నవ్వగా చూసినవాడు సురబాయాలో ఇంకా పుట్టలేదు.

ఏజెంట్ ప్రస్తోవో టేబుల్ మీదున్న గాజుతొట్టిని ఎగాదిగా చూశాడు. రెండడుగుల పొడవుంటుంది. లోపల ఒక రాయి. రాయి మీద పుట్టగొడుగు ఆకారంలో ఒకటి, పక్కనే లేత ఊదారంగులో గుప్పిళ్ళు మూస్తూ తెరుస్తూ ఒక గుంపు.

"మొక్కలు పెంచే పనా మేడమ్ నాకు? మొన్నే కదా ఆయుధాల ఓడ పట్టుకొచ్చాను!"

"మొక్కలు కావు, జంతువులు. సాఫ్ట్ కోరల్స్, అంటే మెత్తటి పగడాలు. నీకంటే బుర్ర తక్కువ, విలువ ఎక్కువ. నోర్మూసుకుని విను."

బ్రీఫింగ్ మొదలైంది. ఈ తొట్టి డాక్టర్ సుదర్మాజీది. పెరాక్ రేవు అడుగున శత్రు జలాంతర్గాముల్ని పసిగట్టే యంత్రం ఆయన తయారుచేసిందే. ఇరవై ఏళ్ళుగా పరాయి దేశంలో దొంగపేరుతో బతికి, ఇప్పుడు మన కంట్రోల్ రూమ్‌లో కూర్చోవడానికి వస్తున్నాడు. ఆయన కోసం నీటికాకి ముఠా వెతుకుతోంది. ఈ ముఠా జీతాలు విదేశం నుంచి వస్తాయి, హత్యలు మాత్రం మన ఊళ్ళో చేస్తుంది. డాక్టర్ ముందుగా తొట్టిని పంపాడు. అది బాగుంటేనే తను వస్తాడట.

"మొహం ఎలా గుర్తుపట్టాలి?"

"మన దగ్గరున్న ఫోటో ఆయన పెళ్ళినాటిది. కోడ్ మాట ఉంది, వేలిముద్రలున్నాయి. ఇక వెళ్ళు."

గుబెంగ్ స్టేషన్ వెనక ఒక ఫ్లాట్‌లో ప్రస్తోవో కాపురం మొదలైంది. నడుముకి పిస్తోలు, చేతిలో నీళ్ళు తోడే సైఫన్ గొట్టం. ఫ్యాన్ గాలికీ సురబాయా ఎండకీ తొట్టిలో నీళ్ళు రోజూ తగ్గేవి. సముద్రపు జీవులు కదా అని ఉప్పు కలిపిన నీళ్ళే పోస్తూ వచ్చాడు. వారం తిరక్కుండా గుప్పిళ్ళ గుంపు ఆడటం మానేసి వాలిపోయింది. కంగారుపడి సంగతి పంపితే, మూడు రాయబార కార్యాలయాలు దాటి, అత్యంత రహస్య సంకేతాల్లో డాక్టర్ జవాబు వచ్చింది. ఒళ్ళంతా చెమటలు పట్టేలా కూర్చుని దాన్ని విప్పి చదివాడు.

"ఆవిరయ్యేది నీళ్ళు, ఉప్పు కాదు. ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. తగ్గినమేరకి మంచినీళ్ళు పొయ్యి, గాడిదా!"

ఆరోజే రెండు బకెట్లు కొన్నాడు. ఎర్రదాంట్లో వడగట్టిన మంచినీళ్ళు, రోజూ తగ్గినంత నింపడానికి. తెల్లదాంట్లో ఉప్పు కలిపిన నీళ్ళు, వారానికోసారి పాత నీళ్ళు కొంత తీసి మార్చడానికి. తర్వాత పుట్టగొడుగు ముడుచుకుపోయి మైనం పూసినట్టయితే మళ్ళీ సంగతి పంపాడు. "పై చర్మం వదులుతోంది. ముట్టుకుంటే చెయ్యి విరుస్తా," అని వచ్చింది. ఇలాంటి తిట్లు మూటెడు పోగయ్యాయి. ముసలాణ్ణి కాపాడి తీసుకొచ్చాక ఒక్క లెంపకాయ కొట్టాలని ప్రస్తోవో గట్టిగా అనుకున్నాడు. అయినా పొద్దున్నే లేచి మొదట తొట్టి దగ్గరికే వెళ్ళేవాడు. ఆ సంగతి ఎవరితోనూ అనేవాడు కాదు.

ఆ ఉదయం తలుపు చప్పుడైంది. ప్రస్తోవో పిస్తోలు తీశాడు.

"రావొన్ పులుసు చల్లారిపోయింది," అంది బయటి గొంతు.

"అయితే ఉప్పుగుడ్డు ఇంకోటి వేసుకో."

లోపలికి వచ్చింది రెంగ్గానిస్. పచ్చ పట్టు కెబాయా జాకెట్టు, మెడలో పెద్ద ముత్యాల దండ, ఆ దండ మీంచి చూపు మరల్చుకోవడం మగాళ్ళకి కష్టం. మన దగ్గరా జీతం తీసుకుంటుంది, నీటికాకి దగ్గరా తీసుకుంటుంది. ఎవరికి నిజంగా పనిచేస్తుందో కల్నల్‌కే ఖచ్చితంగా తెలియదు. వెనకే నెరిసిన గడ్డంతో ఒక పెద్దమనిషి.

"డాక్టర్ గారిని క్షేమంగా తెచ్చానయ్యా. నీ మొహానికి థాంక్స్ చెప్పడం కూడా బరువేనా?"

"నువ్వు క్షేమంగా తెచ్చిందేదైనా రెండుసార్లు తడిమి చూసుకోవాలి కదా!"

జేబులోంచి వేలిముద్రల పలక తీశాడు. పెద్దమనిషి వేళ్ళు నొక్కాడు. పచ్చదీపం వెలిగింది. ఆయన తొట్టి దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కదాన్నీ శాస్త్రీయనామంతో పలకరించాడు. పుట్టగొడుగును చూసి, "పై చర్మం వదులుతోంది, ముట్టుకోకు," అన్నాడు. పాఠం అప్పజెప్పినట్టు అంతా సరిగ్గా ఉంది.

"ఎంత చక్కగా చూసుకున్నావు బాబూ! నీ రుణం తీర్చుకోలేను," అన్నాడు ఆప్యాయంగా.

ప్రస్తోవోకి ఎక్కడో చురుక్కుమంది. ఇన్నాళ్ళు గాడిద అన్నవాడికి ఇప్పుడు తను బాబు ఎలా అయ్యాడు?

రెంగ్గానిస్ తొట్టి అంచు చూపించింది. "నీళ్ళు తగ్గినట్టున్నాయి డాక్టర్ గారూ. పనివాళ్ళు చేస్తే మీకు నచ్చదు కదా, మీరే పోసేయండి."

"తప్పకుండా!" పెద్దమనిషి రెండు బకెట్లలోనూ వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. తెల్ల బకెట్టులోంచి రెండు చెంబులు తీసి తొట్టిలో దర్జాగా పోశాడు. "సముద్రపు బిడ్డలు. ఉప్పునీళ్ళు కాక ఇంకేం పోస్తాం!"

ప్రస్తోవోకి అర్థమైంది. మొహం మార్చారు, అసలాయన వేలిముద్రలు వేళ్ళకి అతికించారు, పేర్లు నేర్పించి పంపారు. రోజూ బకెట్టు మోసే పని నేర్పించడం మరిచారు. వీడు డాక్టర్ కాదు. మరి అసలాయన?

రెంగ్గానిస్ వైపు చూశాడు. ఆమె ముత్యాల్ని తాకి, తర్వాత చెవి తాకింది. దండలో మైకుంది. ముఠా వింటోంది. నీళ్ళ ఊసు ఎత్తింది కావాలనే!

నకిలీ డాక్టర్ అద్దంలో గడ్డం సర్దుకుంటున్నాడు. రెంగ్గానిస్ గాజు తుడిచే అయస్కాంతం అందుకుంది. ఒక ముక్క లోపల, ఒక ముక్క బయట ఉండి పాచి గీకే పనిముట్టు అది. ముందువైపు గాజుకి పట్టిన పచ్చటి పాచి మీద దాన్ని నడిపింది. పాచిలో అక్షరాలు తేలాయి. పెరాక్, గోడౌన్ 17. ప్రస్తోవో కళ్ళార్పగానే మొత్తం తుడిచేసింది.

"ఇంత పాచి పట్టేదాకా ఏం చేస్తున్నావయ్యా, నిద్రా?" అంది పైకి.

"నీ గురించి కలలు కంటున్నాను," అంటూ వెనక్కి పెట్టుకున్న చేత్తోనే ఫోన్ మీద కల్నల్‌కి సందేశం నొక్కాడు. వీడు నకిలీ. అసలాయన గోడౌన్ 17. గదిలో మైకుంది.

గోడౌన్‌కి కమాండోలు చేరేదాకా ఇక్కడ అనుమానపు మాట ఒక్కటి వినబడినా అసలు డాక్టర్ ప్రాణం పోతుంది. ప్రస్తోవో కాఫీ కలిపాడు. దీపాల గురించి అడిగాడు, పంపు గురించి అడిగాడు. తొట్టిలో గుప్పిళ్ళు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. ఎర్ర బకెట్టు అడుగు దూరంలో ఉంది, అందుకోలేడు. వాడి గొంతు నులిమేయాలన్నంత కోపం వచ్చింది.

"ప్రశ్నలు చాలు," అన్నాడు నకిలీ. గొంతులో ఆప్యాయత ఎండిపోయింది. "మీ కల్నల్ ఎక్కడ? కంట్రోల్ రూమ్‌కి ఎప్పుడు తీసుకెళ్తుంది?"

అప్పుడే తలుపు తెరుచుకుని కల్నల్ ముల్యాతి వచ్చింది. వచ్చి, నకిలీని చూసి చిరునవ్వు నవ్వింది.

అదే తప్పయింది. ఆవిడ ఎప్పుడూ నవ్వదన్న సంగతి ముఠాకీ తెలుసు. నకిలీ మొహం మాడిపోయింది. ముత్యాల దండ వైపు తిరిగి అరవడానికి నోరు తెరిచాడు.

ఆ తెరిచిన నోట్లో ప్రస్తోవో తొట్టి ఫిల్టర్‌లోంచి లాగిన స్పాంజి కుక్కేశాడు. నెల్లాళ్ళుగా ఉతకని స్పాంజి.

"కాఫీ ఎలా ఉంది డాక్టర్ గారూ?" అన్నాడు మామూలు గొంతుతో. నకిలీ ఉంగరంలోంచి సూది బయటికొచ్చింది. ప్రస్తోవో ఆ మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. "చక్కెర ఎక్కువైందా? మా సురబాయాలో అంతేనండీ." సూది తన మెడకి వెంట్రుకవాసి దూరంలో ఉంది.

"డాక్టర్ గారికి నిద్రొస్తోంది పాపం," అంటూ రెంగ్గానిస్ పట్టు బట్టల్లోనే మోకాలు ఎత్తి వాడి పొట్టలో గుద్దింది. కల్నల్ సోఫా దిండు కింద పరిచింది. వాడు చప్పుడు కాకుండా దాని మీద కూలాడు.

"కాసేపు నడుం వాల్చండి," అంది కల్నల్ గౌరవంగా, చేతులకి సంకెళ్ళు వేస్తూ.

ప్రస్తోవో ఒక్కడే పంపుల గురించి వాగుతూనే ఉన్నాడు. ఏం మాట్లాడుతున్నాడో తనకే తెలియదు. చివరికి కల్నల్ ఫోన్ వెలిగింది. దొరికాడు. ప్రాణంతో ఉన్నాడు.

రెంగ్గానిస్ దండ తెంపి తెల్ల బకెట్టులో పడేసింది. "కుక్కలు! మెడ నలిగి చచ్చాను," అని గోడకి చేరగిలబడి ఏడ్చేసింది. ఆమె ఎవరి మనిషో కల్నల్ ఇక అడగలేదు.

ప్రస్తోవో మాత్రం తొట్టి దగ్గరికి పరుగెత్తాడు. ఉప్పునీళ్ళు రెండు చెంబులు తోడేసి, ఎర్ర బకెట్టులోంచి మంచినీళ్ళు సన్నటి ధారగా పోయసాగాడు.

గంటలోపే కమాండోలు అసలు డాక్టర్‌ని తెచ్చారు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది, పెదవి చిట్లింది. కల్నల్ కుర్చీ లాగింది. ఆయన కూర్చోలేదు. కుంటుకుంటూ తొట్టి దగ్గరికి వెళ్ళి, వాలిన గుప్పిళ్ళను చూశాడు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది.

"ఉప్పునీళ్ళు పోసిన గాడిద ఎవడు?"

ప్రస్తోవో లెంపకాయ సంగతి మరిచిపోయాడు. అప్పుడే ఒక గుప్పిడి మెల్లగా విచ్చుకోవడం చూస్తూ, జేబులోంచి పలక తీసి చూపించాడు. ఇంకా పచ్చగానే వెలుగుతోంది.

"తమరే, డాక్టర్ గారూ. వేలిముద్రలు కూడా తమవే."