కొసలు కత్తిరించినవాడు

"కత్తెర యాడుండాది?"

గుడియాత్తంలో ఒక ఆడపిల్ల పొద్దున్నే పక్కవీధి మగ్గం గదిలోకి దూసుకొచ్చి ఇలా అడిగితే, తెలివైన మగవాడు ముందు కత్తెర దాస్తాడు. ఉదయకుమార్ తీసి చేతికిచ్చాడు. డిగ్రీ చదివాడన్న మాటే గానీ, ఇలాంటివి ఏ కాలేజీ నేర్పుతుంది?

నందిత రెండో చేతిలో ఒక ష్రగ్ ఉంది, డ్రెస్సు మీద కోటులా వేసుకునే అల్లిక. నిన్నటిదాకా అది ష్రగ్. ఇప్పుడు వల అందామంటే చేపలు కూడా నవ్వుతాయి.

"దీని లోపలి దారాలు కోసింది నువ్వేనా?"

"అవును. మీ నాయనకు నూలిచ్చేదానికి వచ్చినప్పుడు మంచం మీద ఉండె. కొసలన్నీ వేలాడ్తా ఉండె. నీట్‌గా కత్తిరించి పెట్టినా."

పైగా మెచ్చుకోలు కోసం ఆగాడు.

పాపం, అతని చేతికి పుట్టుకతో వచ్చిన జబ్బు అది. దారం వేలాడే గుడ్డ నేతవాళ్ళ ఇల్లు దాటకూడదు. కొస కనబడితే చాలు, కత్తెర దానంతట అదే లేస్తుంది. నేసిన గుడ్డకు దానివల్ల ఏ హానీ లేదు. అల్లిన గుడ్డ సంగతి వేరు. రంగు మారిన చోటల్లా లోపల మిగిలే కొసే దానికి పట్టు. సూదితో లోపలికి పొదిగేలోపు దాన్ని మొదలంటా కోస్తే, కుట్టు వెనక కుట్టు జారిపోతుంది.

నందితకు ఫ్యాషన్ అంటే ప్రాణం. ఈ ఎండల్లో నిట్టింగ్ ఏమిటని వీధంతా నవ్వినా, ఉన్ని జోలికి పోకుండా, నాన్న నాగలింగం మగ్గం మీద లుంగీలకు మిగిలిన నూలు పేటలు కలిపి అల్లుతుంది. వేలూరులో బొటిక్ నడిపే మోహన ఫోన్లో ఫోటోలు చూసి, "ఒకటి వేసుకుని రా. నచ్చితే నీ పేరు మీద ఒక ర్యాక్ పెడతా" అంది. ముందు చూపించి, ఆ తర్వాత కొసలు పొదుగుదామనుకున్న నందిత, నిన్న గబగబా ష్రగ్ తగిలించుకుని బస్సెక్కింది.

బొటిక్‌లో మోహన "ఒకసారి తిరుగమ్మా" అంది. నందిత తిరిగింది. ష్రగ్ మాత్రం కాసేపు ఆలోచించింది. తర్వాత భుజం దగ్గర మొదలుపెట్టి, మోచేతి దాకా, నింపాదిగా విడిపోయింది.

"ఎన్నమ్మా ఇదు? ఏమిటిది?" అంది మోహన. నవ్వు ఆపుకుంటూ అంది, అదే నందితను ఎక్కువ మండించింది. "శుక్రవారానికి మళ్ళీ తీసుకురా. అప్పుడూ ఇట్లే ఉంటే ర్యాక్ వేరేవాళ్ళకిస్తా."

ఇంటికొచ్చి ఏడుస్తుంటే తల్లి చౌడమ్మ ఓదార్చింది. "ఏమయిందో ఏమోనమ్మా. మన ఉదయ్ దారాలన్నీ ఎంత చక్కగా కత్తిరించిపెట్టినాడు!"

అందుకని ఈ కత్తెర.

"ర్యాక్ పోతే నువ్విస్తావా?" నందిత కత్తెర విప్పి, మగ్గం మీద బిగించి ఉన్న పడుగు నిలువు దారాల పైన పెట్టింది. "నీ దారాలు కోస్తే నీకెట్లుంటాదో చూడు."

మూల కూర్చుని కండెలకు దారం చుడుతున్న అతని అవ్వ ముత్తమ్మ రాట్నం ఆపింది. నందిత చెయ్యి కదలలేదు. నేతింటి పిల్లకు పడుగు కొయ్యడానికి చెయ్యి రాదు. ఆ సంగతి గదిలో ముగ్గురికీ తెలుసు, అందువల్ల ఆమె కోపం ఇంకొంచెం పెరిగింది.

"నీవల్ల కాదులే. ఇటివ్వు" అన్నాడు ఉదయకుమార్. కత్తెర తీసుకుని, నాలుగు వేళ్ళ వెడల్పు పడుగు తనే టప్పున కోసేశాడు.

"ఒరే పాపిష్టోడా!" అని అవ్వ అరిచింది.

నందిత అంతకన్నా గట్టిగా అరిచింది. "నీకు బుద్ధుండాదా? నేను అడిగింది నా ష్రగ్! నీ పడుగు కోస్తే అది అతుక్కుంటాదా?"

"నువ్వే కదా చూడమంటివి."

"ఎట్లుండాది మరి?"

అతను తెగిన దారాల వైపు చూశాడు. "నా వేలు నేనే కోసుకున్నట్టుండాది" అన్నాడు నిజాయితీగా.

"నాకు బస్సులో అట్లే ఉండె."

తెగిన పడుగును అలా వదిలేసి పోవడం ఆమెకు చేతకాలేదు. తిట్టుకుంటూనే మగ్గానికి అవతలి వైపు కూర్చుంది. దారం తర్వాత దారం, తునక చేర్చి, మెలేసి, అతికారు. వేళ్ళు తగిలినప్పుడల్లా ఆమె తిట్టు ఒకటి సగంలో ఆగిపోయేది. ముత్తమ్మ అది గమనించి రాట్నం మళ్ళీ తిప్పుకుంది.

మర్నాడు ఉదయకుమార్ పిలవకుండానే వచ్చి నందిత ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. పాడైన అల్లికను వరసగా విప్పి ఉండలు చుట్టడం అతని పని. ఆ నూలుతో మళ్ళీ అల్లడం ఆమె పని. చౌడమ్మ అతనికి కాఫీ తెచ్చిపెట్టింది. కూతురి చూపుకి ఆ కాఫీ ఇంకోసారి మరిగి ఉండాలి.

"గట్టిగా చుట్టొద్దు. అది నీ కండె కాదు."

"సరి సరి."

"సరి అంటే సరిపోదు, వదులుగా చుట్టు."

దారిన పోతూ అదే వీధి సెల్వం సైకిల్ ఆపాడు. "ఏం ఉదయా, స్వెటరా? కాపురం ఊటీలోనా?"

నందిత సూదులతో సహా లేచింది. "నవ్వేదానికి ఏముండాది సెల్వం? నీ చొక్కా కాలర్ చూసి నేనేమన్నా నవ్వినానా?"

సెల్వం కాలర్ తడుముకుంటూ వెళ్ళిపోయాడు. ఉదయకుమార్ మాత్రం లేవలేదు. తల వంచుకుని, వదులుగా, చాలా జాగ్రత్తగా చుడుతూనే ఉన్నాడు. వీధిలో పోయేవాళ్ళు నవ్వుతున్నా లేచిపోకుండా కూర్చున్నాడన్న సంగతి నందితకు ఒక వరస అల్లాక తట్టింది. ఆ వరసలో కుట్లు తప్పాయి. అందుకూ అతన్నే తిట్టింది.

శుక్రవారం అతను బొటిక్ బయట ఎండలో నిలబడ్డాడు. మోహన కొత్త ష్రగ్‌ను తిరగేసింది, లాగింది, పొదిగిన కొసల మీద గోరు పెట్టి గీకింది. ఏదీ ఊడలేదు. "వచ్చే నెలకి ఇంకొన్ని తెస్తావా?" అంది.

నందిత బయటికొచ్చింది. ఉదయకుమార్ ముఖం ఎర్రగా కాలిపోయి ఉంది.

"తీసుకున్నారా?"

"తీసుకున్నారు. నీడ కనబళ్ళేదా నీకు?"

తిరుగు బస్సులో ఆమెకు సీటు దొరికింది. అతను పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కాట్పాడి స్టూడెంట్లు దిగిపోయేదాకా ఆగి, వంగి అడిగాడు. "ఇంక కోపం దేనికి?"

"దేనికా? ఇన్నాళ్ళు ఎదురుగా కూర్చున్నావు. ఏందో చెప్పాలని నోరు తెరుస్తావు, మూస్తావు. నాకేం కండ్లు లేవా?"

"నీ కోపం తగ్గినాక చెప్తామని..."

"నా కోపం తగ్గేదాకా కాచుకుంటే నీ తలలో ఒక్క నల్ల వెంట్రుక మిగలదు. ఇప్పుడే చెప్పు."

అతను చెప్పాడు. సరిగ్గా అప్పుడే డ్రైవర్ హారన్ కొట్టాడు. అయినా నందితకు ప్రతి అక్షరం వినబడింది.

"ఏంది? వినపళ్ళేదు" అంది కళ్ళెర్రజేసి.

"నిన్ను పెండ్లి చేసుకుంటానంటా ఉండా!"

బస్సు బస్సంతా తిరిగి చూసింది. కండక్టర్ టికెట్లు ఇవ్వడం ఆపేశాడు. "బదులు చెప్పమ్మా. పాపం, నిలబడే ఉన్నాడు."

నందిత కిటికీ వైపు తిరిగింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఇంటికొచ్చి మా నాయన్ను అడగమనండి. రేపే. ఎల్లుండి అన్నాడంటే నాకు నిజంగానే కోపమొస్తాది."